స్టెతస్కోపు ఇంట్లో పెట్టి వెళ్లండి

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, డ్యూటీ దిగి ఇంటికి వెళ్తుంటే దారిలో యాక్సిడెంట్ కనబడుతుంది. చేతిలో ఏమీ ఉండదు. బ్యాగులో ఏమేం పెట్టుకోమంటారు?" ప్రశ్న మంచిదే, నా జవాబే వాళ్లకు నచ్చదు. పెట్టుకోవాల్సిన వాటి జాబితా రాసుకుందామని పెన్ను తీస్తే, నేను తీసేయాల్సిన వాటితో మొదలుపెడతాను. ఈ సలహాల్లో చాలావరకు వినగానే తప్పుగా తోస్తాయి. చదువుకున్న పిల్లలకు ఇదా చెప్పేది అని సీనియర్లు కొందరు కోప్పడ్డారు కూడా. అయినా చెబుతాను. క్యాజువాలిటీ తలుపు దాటి లోపలికి వచ్చేసరికే సగం ప్రాణం పోయిన మనుషుల్ని చూసినవాళ్లకు ఈ మాటల్లో తప్పు కనపడదు.

ముందు స్టెతస్కోపు తీసేయండి. దాంతోపాటు బీపీ మిషను, షుగర్ చూసే మిషను కూడా. హైవే మీద లారీల హారన్ల మధ్య ఛాతీ చప్పుళ్లు వినబడవు. బీపీ 80/50 ఉందని తెలిసిందే అనుకోండి, ఏం చేస్తారు? సెలైన్ లేదు, రక్తం లేదు, సర్జన్ లేడు. కఫ్ చుట్టి గాలి కొట్టి వదిలేలోపు ఒక నిమిషం పోతుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తమే సుమారు 5 లీటర్లు. తొడలో పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే మనిషి చేయి దాటిపోతాడు. ఆ మనిషి పాలిపోయాడా, చెమటలు పట్టాయా, అడిగినదానికి తిన్నగా బదులిస్తున్నాడా అన్నది చూస్తేనే తెలుస్తుంది. అంతకుమించిన కొలతలు అంబులెన్సువాళ్లు చూసుకుంటారు.

తర్వాత ఇంజెక్షన్లు. చాలామంది నర్సుల హ్యాండ్‌బ్యాగుల్లో డెకడ్రాన్, ఎవిల్, డైక్లో, రెండు మూడు సిరంజిలు, ఒక గ్రీన్ కాన్యులా ఉంటాయి. వీధిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే అందరూ మన ఇంటికే వస్తారు కాబట్టి ఆ అలవాటు ఎలా వచ్చిందో నాకు తెలుసు. కానీ రోడ్డు ప్రమాదంలో ఇవి ఉపకారం చేయవు. నెత్తురు పోతున్న మనిషికి డైక్లో ఇస్తే నొప్పి తగ్గుతుందేమో గానీ, ప్లేట్‌లెట్ల పని దెబ్బతింటుంది, అసలే రక్తం అందని కిడ్నీల మీద ఇంకో దెబ్బ పడుతుంది. పైగా స్కూటీ డిక్కీలో వేసవంతా ఉడికిన ఆంప్యూల్‌లో మందు మందుగానే మిగిలిందని ఎవరు చెప్పగలరు? ఆర్డర్ లేకుండా మందు ఎక్కించడం వార్డులో తప్పయినప్పుడు రోడ్డు మీద ఒప్పు ఎలా అవుతుంది?

"మరి ట్రాన్సామిన్ ఇంజెక్షన్ అయినా ఉంచుకోకూడదా? రక్తం ఆపే మందే కదా" అని తెలివైన పిల్లలు అడుగుతారు. ట్రనెక్సామిక్ యాసిడ్ గొప్ప మందే. జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి 1960ల్లో కనిపెట్టారు. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడ్డవాళ్ల మీద ఈ మందును పరీక్షించి చూశారు, ఇచ్చినవాళ్లలో మరణాలు తగ్గాయి. అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా తేల్చింది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు, ఆ తర్వాత ఇస్తే కీడు. మూడు గంటలంటే ఆసుపత్రికి చేరడానికి వ్యవధి ఉన్నట్టే. ధమని తెగినవాడికి ఆ వ్యవధి ఉండదు. మీరు మోకాళ్ల మీద కూర్చుని ఆంప్యూల్ విరగ్గొట్టి నరం వెతికే సమయంలో, నొక్కిపెట్టాల్సిన గాయాన్ని ఎవరూ నొక్కరు.

సూచర్ సెట్ అసలే వద్దు. పైన చర్మం కుట్టేస్తే లోపల రక్తం కారుతూనే ఉంటుంది, రోడ్డు మట్టి లోపలే ఉండిపోతుంది. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలు కూడా తీసేయండి. గాయం కడగడం ఆసుపత్రి పని. పెద్ద గాయంలో కట్టుకున్న గడ్డను కడిగేస్తే ఆగుతున్న రక్తం మళ్లీ మొదలవుతుంది. దూది కూడా వద్దు, పీచులు గాయంలో అంటుకుపోతాయి. మన ఇళ్లలో తెగిన చోట కాఫీ పొడో పసుపో అద్దే అలవాటు ఇంకా ఉంది. రోడ్డు మీద కూడా ఎవరో ఒకరు పక్క టీ కొట్టు నుంచి పొడి పట్టుకొస్తారు. కోప్పడకండి, పాపం సాయానికే వచ్చారు. "అన్నా, అది పక్కన పెట్టి, ఇక్కడ నీ అరచేయి పెట్టి గట్టిగా నొక్కు" అనండి. పొడి తెచ్చిన చేయి పనికొస్తుంది.

ఇంకో మాట చెప్పాలి, ఇది కొందరికి కటువుగా ఉంటుంది. వార్డు నుంచి తెచ్చుకున్న గాజు, గ్లవ్స్, ప్లాస్టరు ఏదీ మీ సంచిలో ఉండకూడదు. "మంచి పనికే కదా" అంటారు. వార్డు స్టాకు మంచంమీది పేషెంటుది. రాత్రి డ్యూటీలో గాజు అయిపోయి పక్క వార్డుకు పరుగెత్తిన ప్రతి సిస్టర్‌కూ ఈ మాట అర్థమవుతుంది. మీ సొంత డబ్బుతో కొనుక్కోండి. కొనాల్సినవి చాలా తక్కువ కాబట్టి అది భారం కాదు. ఒక్క వస్తువు మాత్రం ఖరీదైనది.

ఆ ఖరీదైన వస్తువు టోర్నికెట్. రక్తం తీసేటప్పుడు మోచేతి పైన కట్టే రబ్బరు కాదు. ఆ సన్నటి రబ్బరు సిరల్ని మాత్రమే నొక్కుతుంది, ధమనిలో ప్రవాహం ఆగదు. వెళ్లే రక్తం వెళ్తూ, తిరిగొచ్చే దారి మూసుకుపోయి గాయం ఇంకా ఎక్కువ కారుతుంది. నేను చెప్పేది వెడల్పాటి పట్టీ, దానికి మెలితిప్పే కడ్డీ ఉన్నది. అమెరికా సైనికులు వాడే క్యాట్ అనే రకం ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతుంది. అసలుదైతే ధర వేలల్లో ఉంటుంది. ఆన్‌లైన్‌లో అచ్చం అలాగే కనిపించే నకిలీలు కొన్ని వందలకే వస్తాయి. వాటి కడ్డీ మెలితిప్పుతుంటే వంగిపోతుంది, లేదా విరుగుతుంది. అది మీ చేతిలో విరిగే సమయం ఎలాంటిదో ఊహించుకోండి. కాబట్టి ఇక్కడ నా సలహా కూడా తలకిందులే: అన్నింట్లో పొదుపు చేయండి, దీని దగ్గర చేయకండి. చవకది కొనడం కంటే అసలు కొనకపోవడం మేలు, ఎందుకంటే అది లేకపోతే కనీసం చేతులతో నొక్కుతారు.

కొన్నాక కవరు చించండి. కొత్తగా, సీలుతో ఉంచితే భద్రం అనుకుంటాం. సీలు చించడం, వెల్క్రో మడత విప్పడం రక్తంతో తడిసిన గ్లవ్స్‌తో ఎంత కష్టమో అప్పుడుగానీ తెలియదు. పట్టీని పెద్ద ఉచ్చులా వదులుగా, తొడ దూరేంతగా సర్ది ఉంచండి. సాధన కోసం వేరే ఒకటి ఉండాలి. శిక్షణకని నీలం రంగులో తయారుచేసేవి ఉన్నాయి. నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. నిజమైన గాయానికి వాడాల్సిన దాన్ని పదేపదే బిగించి అరగదీయకూడదు. హాస్టల్ గదిలో లైటు ఆర్పి, ఒంటి చేత్తో మీ చేతికే కట్టుకోండి. చీకట్లో కట్టగలిగితే ఎక్కడైనా కట్టగలరు.

కట్టే పద్ధతి చూడండి. గాయానికి నాలుగు వేళ్ల వెడల్పు పైన, గుండె వైపు కట్టాలి. మోకాలి మీద, మోచేతి మీద వద్దు. కీలు దగ్గర గాయమైతే కీలుకు పైనే కట్టండి. గాయం ఎక్కడో కనపడకపోతే, ప్యాంటు నెత్తుటితో ముద్దయి ఉంటే, తొడ మొదట్లో బట్టల మీదుగానే కట్టేయండి. ముందు జేబులో ఫోను ఉందేమో తడిమి తీసేయాలి, లేదంటే పట్టీ సరిగ్గా పట్టదు. పట్టీని చేత్తో లాగగలిగినంత లాగి అతికించాకే కడ్డీ తిప్పడం మొదలుపెట్టాలి. రక్తం ఆగేదాకా తిప్పుతూనే ఉండండి. అతను అరుస్తాడు. "అక్కా చంపేస్తున్నావ్" అంటాడు. అరవనివ్వండి. సరిగ్గా బిగిసిన టోర్నికెట్ భరించలేనంత నొప్పి పెడుతుంది. నొప్పి పెట్టడం లేదంటే బిగియలేదేమో అనుమానించండి. జాలిపడి ఒక మెలిక వదిలినా గాయం మళ్లీ కారుతుంది. ఒకటి కట్టాక కూడా ఆగకపోతే దాన్ని విప్పకుండా, పైన ఆనించి రెండోది కట్టాలి. కట్టిన టైము మార్కర్‌తో పేషెంటు నుదుటి మీద రాయండి: టి 6.40 అని పెద్దగా. ఆ తర్వాత ఎవరు చెప్పినా విప్పకండి. మధ్యమధ్య వదులు చేయాలని పాత పుస్తకాల్లో ఉండేది, ఇప్పుడు అలా చేయరు. రెండు గంటల్లోపు ఆసుపత్రికి చేరితే కాలికి సాధారణంగా ముప్పు ఉండదు.

ఇదంతా చేతులకూ కాళ్లకూ. గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో తెగితే పట్టీ కట్టడానికి చోటుండదు. అక్కడ ప్యాకింగే దారి. దీనికి రోల్ గాజు కావాలి, దొరికితే రక్తం గడ్డకట్టించే మందు పూసిన గాజు. క్విక్‌క్లాట్, సీలాక్స్ లాంటివి. వేలితో గాయం అడుగు దాకా వెళ్లి, రక్తం ఎక్కడి నుంచి తన్నుకొస్తోందో అక్కడే గాజు మొదటి కొసను ఎముక వైపు అదమాలి. ఒక వేలు అదుముతుండగా రెండో చేయి కొంచెం కొంచెంగా గాజును లోపలికి తోస్తుంది, ఎక్కడా ఖాళీ మిగలకుండా. నిండాక రెండు అరచేతులూ పెట్టి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేయాలి. మందు గాజు అయితే కనీసం మూడు నిమిషాలు, మామూలు గాజు అయితే పది. ఆగిందో లేదో చూద్దామని ఎత్తి చూడకండి. తడిస్తే పైన ఇంకొంచెం పెట్టండి. ఛాతీలో, పొట్టలో ఇలా కూరకూడదు. ఛాతీకి రంధ్రం పడి గాలి లోపలికీ బయటికీ ఆడుతుంటే దాన్ని గాలి ఆడకుండా మూసేయకండి, తెరిచే ఉంచండి. గుచ్చుకున్న ఇనుప చువ్వనో కట్టెనో లాగకండి. అదే ఒక్కోసారి రక్తాన్ని ఆపి ఉంచుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రెండు జతల నైట్రైల్ గ్లవ్స్, ఒక వెడల్పాటి క్రేప్ బ్యాండేజీ, మొద్దు మొన ఉన్న గట్టి కత్తెర, ఒక మార్కర్, మడిస్తే జేబులో పట్టే రేకు దుప్పటి. మన ఎండల్లో దుప్పటి ఏమిటని నవ్వుతారు. నెత్తురు పోయిన ఒళ్లు మే నెలలోనూ చల్లబడుతుంది, చల్లబడిన రక్తం గడ్డకట్టదు. కత్తెర సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మన రోడ్ల మీద చున్నీ, చీర చెంగు బైకు చక్రంలో చుట్టుకుని మెడ బిగుసుకుపోవడం ఎంత మామూలో మీకు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లు చక్రాన్ని వెనక్కి తిప్పి విడదీయాలని చూస్తారు. ముందు ఇంజను ఆపించి, మెడ దగ్గర చర్మానికీ గుడ్డకీ మధ్య మొద్దు మొన దూర్చి కత్తిరించేయండి. ఇంతే సంచి. లంచ్ బాక్సు కంటే చిన్నది కావాలి. డిక్కీలో కాకుండా భుజానికి తగిలించుకునే బ్యాగులో ఉంచాలి, బస్సులో ఉన్నా మీతోనే ఉండాలి. వేసవి దాటాక గ్లవ్స్, గాజు ఒకసారి తీసి చూడండి. ఎండకు గ్లవ్స్ పెళుసెక్కుతాయి.

సంచి గురించి ఎంత చెప్పినా అసలు పని దగ్గర తడబాటు ఇంకో చోట వస్తుంది. మీరు పరుగెత్తకండి. బండిని ప్రమాదం జరిగిన చోటు దాటించి పక్కన ఆపి, ఇండికేటర్లు వేసి, వెనక వచ్చే వాహనాలు చూసుకుని నడిచి వెళ్లండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. చనిపోయినవాళ్లలో దగ్గర దగ్గర సగం టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. చీకటి పడ్డాక హైదరాబాద్-విజయవాడ హైవే మీద సాయానికి వంగి నిలబడ్డ మనిషి వెనక వచ్చే లారీ డ్రైవరుకి కనపడకపోవచ్చు. ఒకరిని వెనక్కి పంపి ఫోను లైటు ఊపమనండి.

అక్కడ గుంపు ఉంటుంది. "జరగండి, నేను నర్సుని" అని గట్టిగా చెప్పండి, సిగ్గుపడకండి. ఊరికే "ఎవరైనా 108కి చేయండి" అంటే ఎవరూ చేయరు. "తమ్ముడూ, ఎర్ర చొక్కా, నువ్వే, 108కి ఫోన్ చెయ్. స్పీకర్‌లో పెట్టు. కిలోమీటరు రాయి మీద నంబరు చదివి చెప్పు" అనాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఇప్పుడు మారుమూల ఊళ్లకూ తెలుసు. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. ఇంకొకరిని పిలిచి పేషెంటు తల దగ్గర కూర్చోబెట్టండి. రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోమనండి, ఏం జరిగినా వదలొద్దనండి. హెల్మెట్ లాగకండి. ఊపిరి ఆడకపోతే మాత్రం తీయక తప్పదు, అదీ ఇద్దరు కలిసి, ఒకరు మెడను కింద నుంచి పట్టుకుని ఉండగానే. స్పృహ లేకుండా గురక పెడుతుంటే దవడను ముందుకు నెట్టి పట్టుకోండి. వాంతి వస్తే తల, మెడ, నడుము ఒకే వరుసలో పక్కకు తిప్పండి.

"నీళ్లు పట్టండమ్మా, పాపం నోరెండిపోతోంది" అని ఒక పెద్దావిడ తప్పకుండా అంటుంది. మన దగ్గర నీళ్లివ్వడం అంటే ప్రాణం పోయడమే. అయినా వద్దనాలి. సగం స్పృహలో ఉన్నవాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. కాసేపట్లో ఆపరేషను పడితే నిండు కడుపుతో మత్తు ఇవ్వడం ఇంకా ప్రమాదం. "అమ్మా, ఆ కొంగుతో ఎండ పడకుండా అడ్డం పట్టండి" అనండి. తారు రోడ్డు మీద ఎండ పడకుండా చూడడం కూడా వైద్యమే. ఆవిడ సంతోషంగా చేస్తుంది.

ఇంకో ఒత్తిడి ఆటో. "108 ఎప్పుడొస్తుందో ఏమో, ఎక్కించేయండి" అని నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని మనిషిని మడిచి ఆటోలో కుదేస్తారు. మెడో నడుమో విరిగి ఉంటే ఆ మడతలోనే వెన్నుపాము తెగుతుంది. అంబులెన్సు బయల్దేరిందని తెలిస్తే ఆగండి. పొట్టలోనో ఛాతీలోనో రక్తం పోతున్నట్టు అనిపించి, అంబులెన్సు ఇప్పట్లో రాదని తేలితే మాత్రం ఏ పోలీసు జీపో, టెంపోనో చూసి, పడుకోబెట్టగలిగే దాంట్లోనే తీసుకెళ్లండి. ఒకరు తల పట్టుకునే ఉండాలి.

కేసవుతుందన్న భయం మీకంటే మీ ఇంట్లోవాళ్లకు ఎక్కువ. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించే మార్గదర్శకాలకు చట్టబద్ధత ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. మంచి ఉద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా వైద్యసాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టకూడదని అది చెబుతోంది. పేరు చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. పేషెంటును తెచ్చారని ఆసుపత్రి మీ దగ్గర డబ్బు అడగకూడదు. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. బంధువులు వచ్చాక ఈ మాట వాళ్ల చెవిన వేయండి. ఆ గందరగోళంలో వాళ్లకు తెలియదు, చెప్పేవాళ్లూ ఉండరు.

108 వచ్చాక ఈఎమ్‌టీకి నాలుగు ముక్కల్లో చెప్పి తప్పుకోండి: ఎలా పడ్డాడు, ఎక్కడ గాయం, టోర్నికెట్ ఎన్నింటికి కట్టారు, స్పృహ ఎప్పుడు పోయింది. మీ టోర్నికెట్ వెనక్కి అడగకండి. అది పేషెంటుతో వెళ్లిపోతుంది, అలా వెళ్లాలి కూడా. నెత్తుటి గాజు, గ్లవ్స్ రోడ్డు మీద వదలకుండా కవరులో మూటగట్టి మర్నాడు ఆసుపత్రిలో పడేయండి, గాజు పసుపు సంచిలో, గ్లవ్స్ ఎర్ర సంచిలో. మీ చర్మం ఎక్కడైనా గీసుకుపోయి ఉంటే, నెత్తురు కంట్లో పడి ఉంటే, ఆ రాత్రే క్యాజువాలిటీకి వెళ్లి చూపించుకోండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే వాటివల్ల ఉపయోగం లేదు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ పూర్తి చేయకుండా ఈ సంచి భుజాన వేసుకోకండి. రెండు డోసులు వేయించుకుని మూడోది మర్చిపోయినవాళ్లు ప్రతి హాస్టల్లో ఉంటారు. మీ కార్డు ఇవాళే తీసి చూడండి.